ఎడమ పక్క మొదటి గీత: 2018 మార్చిలో నేను నింపిన బ్రాకెట్

2018 మార్చి నాటికి నేను మేరీల్యాండ్ రాష్ట్రంలోని యూఎంబీసీలో కంప్యూటర్ సైన్సు ఎం.ఎస్. రెండో సంవత్సరం చదువుతున్నాను. పూర్తి పేరు యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్, బాల్టిమోర్ కౌంటీ. ఇంటి నుంచి ఫోన్ చేసే బంధువులు దానిని కాలేజ్ పార్క్‌లోని పెద్ద మేరీల్యాండ్ విశ్వవిద్యాలయమే అనుకునేవారు. మొదట్లో సరిచేసేవాడిని గాని, తర్వాత ఆ పొరపాటు మా నాన్నకు గర్వకారణంగా ఉందని గ్రహించి ఊరుకున్నాను. 1966లో మొదలైన మా విశ్వవిద్యాలయానికి చదరంగంలో దేశమంతటా పేరుంది, అంతర్ కళాశాలల పోటీల్లో పలుమార్లు విజేతగా నిలిచింది. బాస్కెట్‌బాల్ జట్టు ఒకటి ఉందని మాత్రం, ఆ ఫిబ్రవరిలో కొత్త ఈవెంట్ సెంటర్ తెరిచి విద్యార్థులందరినీ రమ్మని ఈమెయిళ్లు పంపేదాకా, మా ఇంట్లో ఉన్న నలుగురు తెలుగువాళ్లలో ఎవరికీ పట్టలేదు.

మా ల్యాబులో ప్రతి మార్చిలోనూ ఒక పందెం నడుస్తుంది. మనిషికి అయిదు డాలర్లు వేసుకుని, కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంటులో ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ముందే రాసి ఇవ్వాలి. ఆ రాసి ఇచ్చే పటాన్నే బ్రాకెట్ అంటారు. మొదటి ఏడాది నేను తప్పించుకున్నాను. రెండో ఏడాది, పందెం నడిపే అమెరికన్ పీహెచ్‌డీ విద్యార్థి నా బల్ల దగ్గరికి వచ్చి, డేటా మైనింగ్ కోర్సులో మంచి గ్రేడు తెచ్చుకున్నవాడివి నువ్వు కూడా భయపడితే ఎట్లా అన్నాడు. అది నా బలహీనత అని అతనికి తెలుసో లేదో గాని, వెంటనే అయిదు డాలర్ల నోటు తీసి ఇచ్చాను. మొత్తం పద్నాలుగు మందిమి అయ్యాము.

ఐపీఎల్ చూసి పెరిగిన నాకు ఈ టోర్నమెంటు పద్ధతి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఇక్కడ పాయింట్ల పట్టిక లేదు, నెట్ రన్‌రేటు లెక్కలు లేవు, ఓడినవాడికి రెండో అవకాశమూ లేదు. ఆ ఏడాది 68 జట్లు వచ్చాయి. వాటిలో 32 తమ తమ కాన్ఫరెన్సుల్లో, అంటే కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఆడుకునే లీగుల్లో, గెలిచి నేరుగా వచ్చేవి, మిగతా 36 ఒక ఎంపిక సంఘం పిలిచేవి. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో మొదట నాలుగు మ్యాచ్‌లు ఆడించి 64కు తగ్గిస్తారు. వాటిని నాలుగు రీజియన్లుగా విడగొట్టి, ఒక్కో రీజియన్‌లో బలాన్ని బట్టి ఒకటి నుంచి పదహారు దాకా సీడ్ నంబర్లు ఇస్తారు. ఒకటో సీడ్ పదహారుతో, రెండో సీడ్ పదిహేనుతో, అలా బలవంతుడికి బలహీనుడిని ఎదురు నిలుపుతారు. అక్కడి నుంచి విజేత తేలేదాకా 63 మ్యాచ్‌లు. వాటన్నిటి ఫలితాన్నీ, ఒక్క బంతి కూడా నేలకు తగలకముందే, మనం రాసి పెట్టాలి. ప్రతి మ్యాచ్‌కూ రెండే ఫలితాలు కనుక మొత్తం బ్రాకెట్లు రెండును 63 సార్లు హెచ్చవేసినన్ని ఉంటాయి. తొమ్మిది పక్కన పద్దెనిమిది అంకెలు వచ్చే ఆ సంఖ్యకు తెలుగులో పేరు వెతికే ప్రయత్నం చేసి మానుకున్నాను.

మార్చి 10, శనివారం నాడు మా జట్టు వర్మాంట్ విశ్వవిద్యాలయంతో అమెరికా ఈస్ట్ కాన్ఫరెన్సు ఫైనల్ ఆడింది. అంతకుముందు వరసగా 23 సార్లు వర్మాంట్ చేతిలో ఓడినవాళ్లు వీళ్లు, పైగా ఆట వర్మాంట్ సొంత కోర్టులో. జనవరిలో ఆల్బనీ చేతిలో 83-39 తేడాతో చిత్తయిన జట్టు కూడా ఇదే. అటువంటి జట్టులో జైరస్ లైల్స్ అనే ఆటగాడు, గడియారంలో ఒక్క సెకను కూడా మిగలని స్థితిలో దూరం నుంచి మూడు పాయింట్ల బుట్ట వేశాడు. 65-62. యూఎంబీసీ జాతీయ టోర్నమెంటుకు వెళ్లడం అది రెండోసారి మాత్రమే, మొదటిసారి 2008లో. నేను ఆ మ్యాచ్ చూడలేదు. ఆ సమయంలో లాండ్రీలో ఉన్నాను. తర్వాత ఫోన్‌లో ఆ చివరి బుట్ట ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

మరునాడు, గడియారాలను ఒక గంట ముందుకు జరిపే ఆదివారం సాయంత్రం, ఏ జట్టు ఎక్కడ పడిందో టీవీలో ప్రకటించారు. మా విశ్వవిద్యాలయానికి పదహారో సీడ్ వచ్చింది. ఎదుట వర్జీనియా. దేశం మొత్తంలో ఒకటో ర్యాంకు జట్టు, ఆ సీజన్‌లో 31 గెలిచి రెండే ఓడిన జట్టు, ఒక మ్యాచ్‌కు సగటున 53 పాయింట్ల పైన కొద్దిగా మాత్రమే ఎదుటివాళ్లకు ఇచ్చే జట్టు. మొత్తం 68 జట్లలో మొదటి స్థానం వర్జీనియాది కావడంతో, సోమవారం నేను ల్యాబు ప్రింటరులో తీసుకున్న కాగితం మీద ఎడమ పక్క పైమూలలో మొట్టమొదటి గీత వాళ్లది, దాని కిందనే మాది. నింపడం మొదలుపెట్టేవాడు ఎవడైనా ముందుగా తేల్చవలసిన మ్యాచ్ అదే.

నేను దానిని తేల్చడానికి ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. 64 జట్లతో ఆడడం మొదలైన 1985 నుంచి 2017 దాకా పురుషుల టోర్నమెంటులో ఒకటో సీడ్‌కు పదహారో సీడ్ 132 సార్లు ఎదురుపడింది, 132 సార్లూ ఓడింది. మహిళల పోటీల్లో మాత్రం 1998లో హార్వర్డ్ జట్టు స్టాన్‌ఫర్డ్‌ను ఓడించిందని చదివాను గాని, అది వేరే పట్టిక అని పక్కన పెట్టాను. వర్జీనియా అని రాశాను. రెండో రౌండులో వర్జీనియా, ఆ తర్వాత అరిజోనా మీద వర్జీనియా, ఫైనల్లో విలనోవా మీద వర్జీనియా. ఎడమ మూలలో మొదలైన ఆ పేరును ఆరుసార్లు రాసుకుంటూ కాగితం నడిమధ్య పెట్టెదాకా తీసుకువచ్చాను. ఈ ఒక్క జట్టు మీద నేను పెట్టుకున్న ఆశ ఎంతో తర్వాత లెక్క వేశాను. మా పందెంలో మొదటి రౌండులో సరైన జవాబుకు పది పాయింట్లు, తర్వాత ఇరవై, నలభై, అలా రెట్టింపవుతూ ఫైనల్‌కు 320. ఆరూ కలిపితే 630. మొత్తం పరీక్ష 1920 పాయింట్లకు. అంటే దాదాపు మూడో వంతు మార్కులు ఒకే ప్రశ్నకు కేటాయించుకున్న విద్యార్థిని నేను.

మిగిలిన మ్యాచ్‌లకు సీడ్ నంబర్ల చరిత్ర తీసుకుని ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. అది చెప్పినదంతా చాలా నీరసంగా ఉంది. ఎక్కడ చూసినా పెద్ద జట్టే గెలుస్తోంది. అందుకని అనుభవజ్ఞులు చెప్పే ఒక సూత్రాన్ని కలిపాను: ఏటా పన్నెండో సీడ్లలో కనీసం ఒకటి అయిదో సీడ్‌ను పడగొడుతుంది కనుక, అటువంటిది ఒకటి ఎంచుకోవాలి. క్లెంసన్ మీద న్యూ మెక్సికో స్టేట్ గెలుస్తుందని రాశాను. ఆ ఏడాది నాలుగు అయిదో సీడ్లూ గెలిచాయి.

ఇంట్లో మా అందరికంటే చిన్నవాడు, ఆ జనవరిలోనే దిగిన భీమవరం తమ్ముడు, నా కాగితం చూసి ఒకే ప్రశ్న అడిగాడు: "అన్నా, మన కాలేజీని మనమే ఓడిపోతుందని రాయడం ఏంటన్నా?" ఇది ఫీజు కట్టడం వంటిది కాదు, లెక్క అని చెప్పాను. వాడు నా దగ్గర అయిదు డాలర్లు అప్పు తీసుకుని, ఒక కాగితం తెచ్చుకుని, యూఎంబీసీ అని ఆరుసార్లు రాసి నడిమధ్య పెట్టెలో కూడా అదే పేరు పెట్టాడు. మిగిలిన గళ్లను ఆయా పేర్లు పలకడం ఎంత తేలికో చూసి నింపాడు. నేనూ, వరంగల్ నుంచి వచ్చిన మా సీనియరూ చాలాసేపు నవ్వుకున్నాము.

గురువారం మధ్యాహ్నం ఆటలు మొదలయ్యాయి. మొదటి రోజే నా కాగితం చిరగడం ఆరంభమైంది. లొయోలా షికాగో అనే పదకొండో సీడ్ మయామీని చివరి క్షణపు బుట్టతో 64-62తో పంపించింది. ఆ అర్ధరాత్రి బఫెలో అనే పదమూడో సీడ్ అరిజోనాను 89-68తో, దగ్గరి పోటీ అని కూడా అనడానికి వీల్లేకుండా, ఓడించింది. నేను బాధపడలేదు. అసలు స్తంభం వర్జీనియా కదా అనుకున్నాను. శుక్రవారం సాయంత్రానికి మిగిలిన ముగ్గురు ఒకటో సీడ్లూ తమ పదహారో సీడ్లను సునాయాసంగా ఓడించడంతో పాత లెక్క 135కు 135 అయింది.

మార్చి 16 రాత్రి తొమ్మిది దాటాక, నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో మా మ్యాచ్ మొదలైంది. రోడ్డు పక్కన ఎవరో వదిలేస్తే తెచ్చుకున్న టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి, కోడిగుడ్ల పులుసూ అన్నమూ కలిపిన కంచాలతో నేల మీద కూర్చున్నాము. మర్యాదగా ఓడితే చాలు, ఆల్బనీ మ్యాచ్‌లా కాకూడదు అన్నది మా కోరిక. పందెపురాయుళ్లు కూడా వర్జీనియా ఇరవై పాయింట్ల పైచిలుకు తేడాతో గెలుస్తుందనే లెక్క కట్టారు. వర్జీనియా జట్టులో డియాండ్రే హంటర్ అనే మంచి ఆటగాడు మణికట్టు విరిగి ఆ టోర్నమెంటుకే దూరమయ్యాడు గాని, దాని వల్ల ఫలితం మారుతుందని ఎవరూ అనుకోలేదు.

కాలేజీ ఆటలో ఇరవయ్యేసి నిమిషాల రెండు సగాలు ఉంటాయి. మొదటి సగం ముగిసేసరికి 21-21. వర్జీనియా ఆట నెమ్మది. ఎదుటివాడికి లోపలికి దారి ఇవ్వకుండా గోడ కట్టి, బంతిని బుట్టకేసి విసరడానికి ఉన్న ముప్పై సెకన్ల గడువు అయ్యేదాకా విసిగిస్తుంది. అందుకని తక్కువ స్కోరు చూసి నేను ఆశ్చర్యపోలేదు. సమానంగా ఉండడం చూసి మాత్రం వీధిలోకి వెళ్లి కాసేపు నడిచి వచ్చాను. ఆ సమయంలోనే అమ్మ ఫోన్ చేసింది. అక్కడ శనివారం ఉదయం, కొత్త అమావాస్య. తలస్నానం చేశావా, ఈ రోజు కొత్త పని ఏదీ పెట్టుకోకు, రేపు ఉగాది, పచ్చడి చేసుకోండి అని చెప్పింది. కొత్త పని నేను పెట్టుకోలేదు, మా కాలేజీ పెట్టుకుంటున్నట్టుంది అన్నాను. అమ్మకు అర్థం కాలేదు, నాకు విడమరచి చెప్పే ఓపిక లేదు.

రెండో సగంలో జరిగినదానిని నేను సరిగ్గా వరసలో చెప్పలేను. మావాళ్లలో జో షెర్బర్న్ దూరం నుంచి వేస్తున్నాడు, లైల్స్ ఆ గోడ మధ్యనుంచి సందు చేసుకుని లోపలికి వెళ్లి వేస్తున్నాడు, అయిదడుగుల ఎనిమిదంగుళాల కె.జె. మౌరా తనకంటే అడుగు పొడవున్నవాళ్ల కాళ్ల మధ్య బంతిని తిప్పుతూ పోతున్నాడు. కొద్ది నిమిషాల్లో తేడా పది దాటింది. వర్జీనియా పుంజుకుంటుందని మా సీనియర్ ప్రతి రెండు నిమిషాలకూ అంటూ వచ్చారు. వెనకబడితే తొందరగా పాయింట్లు తెచ్చుకోవడం ఆ నెమ్మది ఆటకు అలవాటు లేని పని అని నాకు అప్పుడు తోచింది. దూరం నుంచి వాళ్లు 22 ప్రయత్నాల్లో నాలుగే వేయగలిగారు. మావాళ్లు 24లో పన్నెండు. లైల్స్ మొత్తం 28 పాయింట్లలో 23 ఆ సగంలోనివే.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. తేడా పన్నెండో పదమూడో ఉన్నప్పుడు, నా మనసులో ఒక మూల 630 అనే అంకె మెదిలింది. పక్కన భీమవరం తమ్ముడు సోఫా ఎక్కి అరుస్తుంటే, వర్జీనియా ఒక్క మూడు పాయింట్ల బుట్ట వేసినప్పుడు నాకు అరక్షణం ఊరట కలిగింది. అయిదు డాలర్ల కోసం కాదు. రాసింది నిజం కావాలన్న పట్టుదల అటువంటిది. ఆ ఊరటను చూసుకుని సిగ్గుపడి, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టుకున్న కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆట ముగిసేదాకా నేను కూడా అరిచాను.

74-54. ఒక పాయింటు తేడాతో జారిపోయిన గెలుపు కాదు, ఇరవై పాయింట్ల గెలుపు. రెండో సగంలోనే మావాళ్లు 53 వేశారు. వర్జీనియా ఆ సీజన్‌లో సగటున ఒక పూర్తి మ్యాచ్‌కు ఇచ్చిన పాయింట్లు ఇంచుమించు అంతే. వాళ్ల కోచ్ టోనీ బెనెట్ ఆట ముగిసిన వెంటనే మైకు ముందుకు వచ్చి, ఏ సాకూ చెప్పకుండా, ఎదుటి జట్టు తమకంటే బాగా ఆడిందని ఒప్పుకున్నారు. మా కోచ్ రయన్ ఓడమ్‌కు ఆ విశ్వవిద్యాలయంలో అది రెండో ఏడాది. ఆయన రావడానికి ముందు సీజన్‌లో జట్టు గెలిచినవి ఏడు మ్యాచ్‌లు. ఆ రాత్రి యూఎంబీసీ అంటే ఏమిటని దేశమంతా వెతకడంతో మా విశ్వవిద్యాలయం వెబ్‌సైటు కుప్పకూలింది. సోమవారం అందులోనే అసైన్‌మెంట్ సమర్పించవలసిన మాకు అది రెండో శుభవార్త.

2007 మార్చి 17న ప్రపంచ కప్పులో మన జట్టు బంగ్లాదేశ్ చేతిలో ఓడినప్పుడు నాకు పన్నెండేళ్లు. అన్నం మానేసి పడుకున్నాను. పదకొండేళ్ల తర్వాత, ఇంటి లెక్క ప్రకారం అదే తేదీన, బంగ్లాదేశ్ పక్షాన కూర్చుంటే ఎలా ఉంటుందో తెలిసింది.

శనివారం పొద్దున ముగ్గురమూ క్యాంపస్‌కు నడిచి వెళ్లాము. అక్కడ మా చిహ్నమైన చెసపీక్ బే రిట్రీవర్ జాతి కుక్క కంచు విగ్రహం ఉంటుంది. పరీక్షలకు ముందు విద్యార్థులు దాని ముక్కు నిమిరి వెళ్తారు, అందువల్ల ముక్కు ఒక్కటే మెరుస్తూ ఉంటుంది. ఆ రోజు ముక్కు నిమరడానికి వరస కట్టారు. మా వరసలో ముందు ఒక ముసలి దంపతులు, వెనక చైనా విద్యార్థులు. రెండేళ్లలో ఆ క్యాంపస్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లు నన్ను పలకరించిన మొదటి రోజు అది.

ఆదివారం విళంబి నామ సంవత్సర ఉగాది. ఇండియన్ స్టోర్‌లో ఎండబెట్టిన వేపపువ్వు దొరికింది, మామిడికాయ మాత్రం పులుపు చచ్చిన మెక్సికో కాయ. ఇంటి నుంచి నాన్న పంచాంగ శ్రవణం వీడియో పంపారు. నా రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని సిద్ధాంతిగారు ఏడాది మొత్తాన్ని నాలుగు అంకెల్లో చెబుతుంటే, నా జేబులో మడిచిన కాగితం గుర్తుకొచ్చి నవ్వాను. ఆయన లెక్క తప్పితే పట్టుకోవడానికి ఏడాది పడుతుంది, నా లెక్క పట్టుబడటానికి రెండు రోజులు చాలింది. ఆ రాత్రి మావాళ్లు కాన్సాస్ స్టేట్‌తో ఆడి 50-43తో ఓడారు. చూడడానికి కష్టమైన ఆట. ఇరువైపులా బంతి బుట్టలో పడనని మొండికేసింది. గెలవదగ్గ మ్యాచే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాతి రెండు వారాలూ పరాయి పెళ్లి చూసినట్టు చూశాను. మా దక్షిణ రీజియన్‌లో మొదటి నాలుగు సీడ్లలో ఒక్కటి కూడా చివరి పదహారుకు చేరలేదు, అట్లా ఏ రీజియన్‌లోనూ అంతకుముందు జరగలేదు. ఆ ఖాళీలోంచి లొయోలా షికాగో 64-62, 63-62, 69-68 వంటి స్కోర్లతో, చక్రాల కుర్చీలో కూర్చున్న 98 ఏళ్ల క్రైస్తవ సన్యాసిని సిస్టర్ జీన్ ప్రార్థనలతో, చివరి నలుగురిలోకి వెళ్లింది. శాన్ ఆంటోనియోలో ఏప్రిల్ 2న జరిగిన ఫైనల్లో విలనోవా 79-62తో మిషిగన్‌ను ఓడించింది. బెంచీ మీదనుంచి వచ్చిన డాంటే డివిన్సెంజో 31 పాయింట్లు వేశాడు. ఆరు మ్యాచ్‌లనూ విలనోవా పదికి పైగా తేడాతోనే గెలిచింది. అంత గొప్ప జట్టు గురించి ఇంత తక్కువ రాయడం అన్యాయమే గాని, ఆ ఏడాదిని తలచుకున్నప్పుడు నాకు వాళ్లు గుర్తుకు రారు.

మా పందెంలో విలనోవాను విజేతగా రాసిన చైనా సహాధ్యాయి గెలిచి, ఆ డెబ్బై డాలర్లతో అందరికీ పిజ్జా తెప్పించింది. నాది పదకొండో స్థానం. భీమవరం తమ్ముడిది ఆఖరు. కాని ఎడమ పక్క మొదటి గీత మీద పది పాయింట్లు సంపాదించినవాడు పద్నాలుగు మందిలో వాడొక్కడే. పందెం నడిపిన పీహెచ్‌డీ విద్యార్థి వాడి కాగితాన్ని ల్యాబు తలుపుకు అంటించాడు. నేను డిసెంబరులో చదువు ముగించి వచ్చేసేదాకా అది అక్కడే ఉంది. నా దగ్గర తీసుకున్న అయిదు డాలర్లు వాడు ఇంకా ఇవ్వలేదు, నేను అడగలేదు.

2019 మార్చికి నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆఫీసులో మళ్లీ బ్రాకెట్ల సందడి. వర్జీనియా మళ్లీ ఒకటో సీడ్, మళ్లీ దక్షిణ రీజియన్. ఒకసారి చేయి కాలినవాడిని కనుక ఈసారి రెండో రౌండులోనే వాళ్లను ఇంటికి పంపి, నడిమధ్య పెట్టెలో డ్యూక్ అని రాశాను. పదహారో సీడ్ గార్డ్‌నర్-వెబ్ మీద మొదటి సగం ముగిసేసరికి వర్జీనియా 30-36తో వెనకబడి ఉండగా, నా తెలివికి నేనే మెచ్చుకుంటూ భీమవరం తమ్ముడికి మెసేజ్ పంపాను. వర్జీనియా ఆ మ్యాచ్ గెలిచింది, దాని తర్వాతిదీ గెలిచింది, ఒక్క పాయింటు తేడాతో ఆబర్న్‌నూ దాటింది. ఏప్రిల్ 8 రాత్రి మినియాపొలిస్‌లో అదనపు సమయం దాకా సాగిన ఫైనల్లో టెక్సస్ టెక్‌ను 85-77తో ఓడించింది. కిందటేడు మణికట్టు విరిగి బయట కూర్చున్న హంటర్ 27 పాయింట్లు వేశాడు. గెలిచినవాళ్ల ఆనవాయితీ ప్రకారం టోనీ బెనెట్ నిచ్చెనెక్కి బుట్ట వల కత్తిరిస్తుండగా తమ్ముడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను ఈసారి వర్జీనియాను రాశానన్నా. పోయినేడు పాపం మన చేతిలో ఓడారు కదా అని."